మేనేజరుగారి అమ్మాయి

"క్షమించమని అడగడానికి వచ్చాను బాబాయ్," అంది ఆమె, కొట్టు మెట్టు మీదే నిలబడి.

గొడుగులు బాగుచేసే ముసలాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "మేనేజరుగారి అమ్మాయివి కదూ. లోపలికి రా తల్లీ," అంటూ స్టూలు మీది గుడ్డముక్కలు తీసి చోటిచ్చాడు.

కొట్టుకి ఇప్పటికీ బోర్డు లేదు. అదే కుట్టుమిషను, అవే వంగిన ఊచలు, అదే తడిగుడ్డ వాసన. ఆ వాసన తగలగానే ఆమెకు మళ్లీ ఏడేళ్లు వచ్చేశాయి.

ఆఫీసు మూతపడినా నాన్న మేనేజరుగానే ఉండిపోయాడు. ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లోనూ ఆయన కోటుకు ఇస్త్రీ తప్పలేదు. చిన్నాచితకా పనులు చూపించినవాళ్లను గుమ్మంలోంచే పంపేశాడు. కొన్నాళ్లకు, పెద్దమనుషులకు సలహాలిస్తున్నానంటూ పొద్దున్నే బయల్దేరడం మొదలుపెట్టాడు. సాయంత్రం రొట్టె, గుడ్లు తెచ్చేవాడు. అవి తింటూ ఇంటిల్లిపాదీ ఆయన కబుర్లు వినేవాళ్లు. సగం కబుర్లు ఈ బాబాయ్ మీద ఎగతాళే. గొడుగులు కుట్టుకునేవాడికి మళ్లీ ఒక పనివాడట, వాడు కనబడకుండా అడ్డంగా ఒక తెరట అని కడుపుబ్బ నవ్వించేవాడు. ఎంత బాగా నవ్వించేవాడో. ఈయన మాత్రం ఎదురుపడితే నాన్నకు నమస్కారం పెట్టి తప్పుకునేవాడు.

ఆ పనివాణ్ణి వీధిలో ఎవరూ చూసి ఎరగరు. దొడ్డిగుమ్మంలోంచి వచ్చి అటే పోయేవాడు.

నాన్న పోయి నెలైంది. అప్పట్నుంచీ ఆమెను ఒకటే తొలిచేస్తోంది. చిన్నప్పుడు ఒక వానరోజు గొడుగు ఇవ్వడానికి వచ్చి, అచ్చం నాన్నలాగే గొంతు పెట్టి, తెరవైపు తిరిగి, "ఒరేయ్ కూలీ, తొందరగా కుట్టు. మా నాన్న మేనేజరు," అంది. తెర వెనక మిషను ఆగిపోయింది. చాలాసేపు మళ్లీ కదల్లేదు.

అదంతా చెప్పి ఆమె తల దించుకుంది.

"నాకూ గుర్తే," అన్నాడు ముసలాయన. "ఆ పూట అతను తిండి ముట్టలేదు. కానీ నీ గొడుగు ఇంకెవర్నీ తాకనివ్వలేదు. రెండు వరసలు వేసి తనే కుట్టాడు."

ఆమెకు ఏడుపు ఆగలేదు. "అతనెక్కడున్నాడో చెప్పండి బాబాయ్. వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

అతను బతికున్నన్నాళ్లూ ఎవరికీ చెప్పనని మాటిచ్చానన్నాడు ముసలాయన. చేతిలోని ఊచ పక్కన పెట్టి, లేచి ఆమె తలమీద చెయ్యి వేశాడు.

"పోయిన నెల నువ్వే కదమ్మా సాగనంపావు."