రాయమల్లు బాయి

“మీ బాయి నీళ్లు సీస నిండ పట్టి ఇయ్యుండ్రి. పరీక్షకు కరీంనగర్ పంపాలె,” అన్నది వ్యవసాయ మేడం మమతారాణి, వాకిట్ల నిలబడి.

రాయమల్లు ఇంట్లకు పోయి, బిందెల ముంచి, నింపి తెచ్చిండు. ఆ ఊర్ల నల్లాలు వచ్చినా తాగేటందుకు ఎవరి పొలంకాడి బాయి నీళ్లు వాళ్లే తెచ్చుకుంటరు.

“హనుమండ్లు ఇచ్చిండా మేడం?”

“అందరికన్న ముందుగాల.”

రాయమల్లు సీస మూత గట్టిగ బిగించిండు. ఎవరి బాయిల పురుగుమందు తేలితే వాళ్లు వరిల గుళికలు జల్లుడు బంద్ అని గ్రామసభల తీర్మానం చేయించింది ఆ హనుమండ్లే. ఇద్దరి పొలాలు ఒడ్డుకు ఒడ్డు. గుళికలు జల్లని వాని వరి ఎప్పుడు పోతదా అని రాయమల్లు ఏటా చూసుడే. వాని మడిల కొంగలు దిగుతయి. రాయమల్లు మడిల ఒక్కటి వాలది.

ఆ పొద్దే ఒడ్డుమీద ఎదురుపడ్డరు.

“నీకు పురుగు పడలేదా?”

“పడ్డది మల్లన్నా. కొంగలు తిన్నయి.”

“చాటుంగ మందు కొడ్తున్నవంటున్నరు.”

“ఎవరు?”

“నేనే.”

హనుమండ్లు నవ్వుకుంట పోయిండు.

ఇంటికొస్తే పెండ్లాం అనసూర్య కాళ్లకు మల్ల ఎర్రమన్ను. రాయమల్లుది నల్లరేగడి. ఎర్రమన్ను హనుమండ్లు గడ్డమీదనే ఉంటది.

“ఎటు పోయినవే?”

“కూరకు. నీ మందుకు మన ఒడ్డుమీద గంగవాయిలి మొలుస్తదా ఏంది?”

“వాడు తెంపిచ్చిండా?”

“నాకు చేతులు లేవా?”

రాయమల్లు ఆ కూర ముట్టలే. వట్టి పచ్చిపులుసుతోని తిన్నడు.

వారం తిరగంగనే మమతారాణి పంచాయతికాడ అందర్ని కూసోబెట్టి చెప్పింది. “రాయమల్లు గారి నీళ్లల్ల మందు లేదు. మంచిగ తాగొచ్చు.”

రాయమల్లు లేచి తువ్వాల దులిపిండు. “ఇన్నరా? ఇన్నేండ్ల సంది జల్లుతున్న, ఏమైంది? ఇగ నా పొలం దిక్కు ఎవరు వేలు చూపద్దు.”

“ఎవరు చూపరు తియ్,” అన్నది సర్పంచ్ కిష్టవ్వ. “గుళికలు జల్లుకో.”

హనుమండ్లు ఆడోళ్లల్ల కూసున్న అనసూర్య దిక్కు చూసిండు. ఆమె తల దించుకున్నది.

గెలిచిన సంబురం రాయమల్లుకు అక్కన్నే సచ్చింది. ఇంటికొచ్చి, గుళికల సంచి భుజంమీద ఏసుకొని, గడపల ఆగిండు.

“వాడు నీ దిక్కు ఎందుకు చూసిండు?”

అనసూర్య బిందెమీద మూత సరిజేసింది.

“రోజు పొద్దుగాల వాని పొలంకాడ నీకేం పని? కూరకని చెప్పకు.”

“కూరకు కాదు.”

“మరి?”

“చెప్తే నువ్వు ఓర్వవని ఇన్నొద్దులు చెప్పలే.”

“ఏందే నేను ఓర్వనిది?”

ఆమె రాయమల్లు భుజంమీది సంచి దిక్కు చూసింది.

“మనింట్ల బిందెల ఉన్నయి హనుమండ్లు బాయి నీళ్లు.”