పేరు రాసిన ఓటు

బడి ముంగిట ఓట్ల లెక్కింపు జోరుగా సాగుతోంది. వోల్టా నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఆ ఊళ్లో చేపల బజారు మూసేసి, జనమంతా అక్కడే మూగారు. ఎన్నికల అధికారి సెనామ్ టీచర్ ఒక్కో చీటీ విప్పి, తలపైకెత్తి చూపిస్తోంది.

"పడవ!" అంటే ఒక పార్టీ గంతులేస్తోంది. "దీపం!" అంటే రెండో పార్టీ గిన్నెలు మోగిస్తోంది.

"నీ పడవకి చిల్లు పడింది కోమ్లా! ఈత వచ్చా?" అన్నాడు దీపం ఏజెంటు యావో.

"ముందు నీ దీపంలో నూనె ఉందో లేదో చూసుకో!" అన్నాడు పడవ ఏజెంటు.

జనం గొల్లుమన్నారు.

తర్వాతి చీటీ విప్పి టీచర్ ఆగిపోయింది.

"ఏమైంది టీచరమ్మా? పైకెత్తు!"

ఎత్తింది. ఏ గుర్తు పక్క గడిలోనూ వేలిముద్ర లేదు. ముద్ర వేసే సిరాతోనే, వేలితో, వంకరటింకరగా ఒక పేరు రాసి ఉంది.

ఎలికెమ్.

నవ్వులు ఆగిపోయాయి. పోయిన ఎన్నికల్లో ఎలికెమ్ మొదటిసారి ఓటెయ్యడానికి ఈ బడి దగ్గరే వరసలో నిలబడ్డాడు. రెండు పార్టీలవాళ్లూ కొట్టుకుంటుంటే ఎవరో పేల్చిన తుపాకీ గుండుకి అక్కడే ప్రాణం వదిలాడు. ఎవరన్నది తేలలేదు. తేల్చాలని ఏ పార్టీకీ లేదు.

కోమ్లా టోపీ తీశాడు. కానీ కాసేపటికి ఉండబట్టలేకపోయాడు.

"పేరు పడవ గడిలో ఉంది. ఓటు మాదే."

"చివరి అక్షరం మా గడిలోకొచ్చింది. కుర్రాడు మావాడు," అన్నాడు యావో.

"మీవాడా? చంపిందే మీరు!"

"నోరు ముయ్యి! మీవాళ్ల చేతిలోనే..."

"చచ్చినవాణ్ణి కూడా పంచుకుంటార్రా?" ఎండుచేపలమ్మే అక్పెనె అవ్వ అరిచింది. "వాణ్ణి ఒక్క ఓటన్నా వెయ్యనిచ్చారా?"

అందరూ టీచర్ వంక చూశారు.

"ముద్ర వెయ్యాలి. పేరు రాస్తే చెల్లదు," అంది ఆమె.

చీటీని మెల్లగా మడిచి, చెల్లని ఓట్లలో పెట్టింది. చెయ్యి మాత్రం దానిమీంచి వెంటనే రాలేదు.

పొద్దున అందరికంటే ముందు వెళ్లి, కొడుకు పేరు ఆమె తన వేలితో తనే రాసి పెట్టెలో వేసిన ఓటది.