చెరువులో సోనార్

కాపలా ఉండే ఏడుకొండలే చేపలు అమ్ముకుంటున్నాడని ఆంజనేయప్రసాద్‌కి గట్టి అనుమానం. తానేమో ఏలూరులో బట్టల కొట్టు వదిలి రాలేడు. మండవల్లి దగ్గరున్న ఇరవై ఎకరాల చేపల చెరువుకి ఏడుకొండలే దిక్కు. ఆ దిక్కు ఈమధ్య కొత్త మోటార్‌సైకిల్ మీద తిరుగుతోంది.

అయినా నీళ్లలో ఎన్ని చేపలున్నాయో ఎవరు చెప్పగలరు? అందుకే సోనార్ కొన్నాడు. సముద్రంలో శత్రువుల సబ్‌మెరైన్లను పసిగట్టడానికి నేవీ వాళ్లు వాడే విద్య అది. ఇప్పుడు నీళ్లలో చేపల్ని తెర మీద చూపించే చిన్న పెట్టెగా బజార్లోకి వచ్చేసింది. సబ్‌మెరైన్‌నే దాగనివ్వని పెట్టె ఏడుకొండల్ని వదులుతుందా అని ఆయన ధీమా. పోలీసు కంప్లయింటు ముందే రాసి జేబులో పెట్టుకున్నాడు. చేపలు లేవని తేలితే ఏడుకొండలు జైలుకే.

గట్టు దగ్గర ఆయన తెప్పించిన అద్దె ఇంజను పడవ సిద్ధంగా ఉంది. ఏడుకొండలు దాన్ని చూసి తల గోక్కున్నాడు.

"ఆ చప్పుడుకి చేపలు బెదిరిపోతాయండీ. మన పడవెక్కండి, నేను గెడ వేస్తాను. మూలమూలా చూసుకోండి."

అన్నట్టే మూలమూలా తిప్పాడు. తూర్పు గట్టున తెర నిండా చేపలు. చెరువు నడిమధ్యా చేపలే. పడమటి మూలకి వెళ్లేసరికి తెరలో సందు లేదు. ఆంజనేయప్రసాద్‌కి సిగ్గేసింది. ఇంత నమ్మకస్తుణ్ణా తను అనుమానించింది? గట్టెక్కగానే కంప్లయింటు ముక్కలుగా చింపేశాడు.

"తప్పయిపోయిందయ్యా. వచ్చే ఏడు తీసుకునే పక్క చెరువు కూడా నువ్వే చూసుకోవాలి."

"మీరు చల్లగా ఉంటే చాలండీ," అన్నాడు ఏడుకొండలు వినయంగా.

కారెక్కుతూనే ఆంజనేయప్రసాద్ భార్యకి ఫోన్ చేశాడు. శకుంతల పెదపాడులో చేపల చెరువుల మధ్యే పెరిగిన మనిషి.

"చెరువు కిటకిటలాడిపోతోంది శకుంతలా. పడవ ఎటు తిప్పితే అటు చేపలే."

"ఏ పడవండీ?"

"మనదే. ఏడుకొండలు రోజూ మేత వేసే పడవ."

ఆవిడ చంటిపిల్లాడికి చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

"మేత పడవ ఎటు వెళ్తే, మిగిలిన ఆ నాలుగు చేపలూ దాని వెనకాలే వస్తాయండీ."