దారి సాపు చేసే వేళ

"మామా, నార్వేల మంచు మీద జారేటోళ్ల దారిని ఇయ్యాల ఆరింటికే మిషన్‌తోని సాపు చేసిన్రు. మ్యాపుల ఎక్కిచ్చిన," అన్నాడు భూమేశ్, గల్ఫ్ ఎడారిలోని రువైస్ కూలీల క్యాంపు గదిలో ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

లోకంలో ఏ దారినైనా ఎవరైనా ఉచితంగా గీసి చేర్చగలిగే ఫోన్ మ్యాపు అది. మంచును అతను ఫ్రిజ్‌లో తప్ప చూసింది లేదు.

అప్పుడే పని నుంచి గదికి వచ్చిన భోజన్న తలలోని ఇసుక దులుపుకున్నాడు. "పక్క గది గంగారాంకు గుండెల నొప్పొస్తే అంబులెన్సోడు గంట తిరిగిండు. మన క్యాంపు దారి ఆ మ్యాపుల లేదట. ఇసుక సాపు జేసే నా గ్రేడర్ బండి మీద ఎదురువోయి నేనే తోలుకొచ్చిన."

"ఎట్లున్నడు?"

"బతికిండు."

భూమేశ్ గబగబా మ్యాపులోని ఖాళీ ఎడారిలో క్యాంపు దారి గీశాడు. దారి వివరాలు నింపుతుంటే చివరి గడి దగ్గర వేలు ఆగిపోయింది: ఎప్పుడు చదును చేస్తారు?

"మామా, మన దారి మీది ఇసుక ఎన్నింటికి సాపు జేస్తవ్?"

"నువ్వు లేవకముందే అల్లుడా, నాలుగేండ్ల సంది."