మోకాలి లోతు

“పోయింది ఇసుకలోనా, నీళ్ళలోనా?” అని అడిగింది దుకాణం యజమానురాలు.

బల్ల ముందు నిలబడ్డ రైల్వే గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. ఆయన మెటల్ డిటెక్టర్ కొనడానికి వచ్చాడు. మూడు రోజుల కిందట, ఆదివారం, ఇంటిల్లిపాదీ సరస్సు ఒడ్డుకు వెళ్ళినప్పుడు వేలికున్న పెళ్ళి ఉంగరం జారిపోయింది. ఒడ్డున మేనకోడలి పిల్లలతో ఇసుక గూళ్ళు కట్టాడు. ఆ తర్వాత వాళ్ళు ఆయన్ని నీళ్ళలోకి లాక్కుపోయారు. ఉంగరం ఎక్కడ జారిందో ఎంత ఆలోచించినా తేలలేదు.

“సరిగ్గా గుర్తులేదమ్మా.”

“చివరిసారి వేలికి ఎప్పుడు చూసుకున్నారు?”

ఆ ప్రశ్నకు ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళుగా రైల్వే స్టేషన్‌లో, పోయిన వస్తువుల కౌంటర్‌లో కూర్చుని ఆయన అందరినీ అడిగే ప్రశ్న అదే. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళు జవాబు చెప్పలేక నీళ్ళు నములుతుంటే, “వస్తువు మీదేనా, పక్కింటివాళ్ళదా?” అని చురకలు వేసేవాడు. ఇప్పుడు ఆ నీళ్ళు నమలడం తన వంతయింది. ఎక్కడ పనిచేస్తారని ఆమె అడిగితే పోస్టాఫీసులో అని చెప్పాలని దారిలోనే నిశ్చయించుకున్నాడు. ఆమె అడగలేదు.

బల్ల మీద మూడు యంత్రాలు పెట్టింది. ఆయన చెయ్యి తిన్నగా మొదటిదాని మీదికి పోయింది. తేలిగ్గా ఉంది, చవక కూడా. ఉంగరం ఇసుకలోనే పోయి ఉంటుందని ఆ క్షణంలో ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. కింద ఉన్న గుండ్రటి పళ్ళెం తడిసినా ఫరవాలేదు కానీ, పిడి దగ్గరి బ్యాటరీల డబ్బాలోకి నీళ్ళు పోతే యంత్రం చచ్చిపోతుందని ఆమె చెప్పింది. నీళ్ళలో ఎంతదాకా వెళ్ళారని అడిగింది. ఆయన మోకాలు చూపించాడు. ఆమె ఆ యంత్రాన్ని తీసి మళ్ళీ అరలో పెట్టేసింది.

మూడోది నీటి అడుగుకు దిగి వెతికేవాళ్ళది. ఎత్తి చూస్తే భుజం కిందికి జారింది. దీన్ని మోయడానికి ఇంకో మనిషిని కూడా మీ దగ్గరే కొనుక్కోవాలేమో అన్నాడు. ఇక మిగిలింది రెండోది. నీళ్ళు చొరబడకుండా మొత్తం బిగించినది. నేల మీదా పనిచేస్తుంది, నడుం లోతు నీళ్ళలోనూ పనిచేస్తుంది.

పరీక్షించుకోమని ఆమె వెనక పెరట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఇసుక పోసిన తొట్టెలో రకరకాల లోహపు ముక్కలు పాతిపెట్టి ఉన్నాయి. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, డాక్టరు గుండె చప్పుడు వింటున్నంత గంభీరంగా పళ్ళెం తిప్పాడు. సన్నగా మోగింది. బంగారమని ప్రకటించి, మోకాళ్ళ మీద కూర్చుని తవ్వితే సీసా మూత వచ్చింది. తొట్టె అంచు పట్టుకుని మూలుగుతూ లేచాడు. రెండోసారి ఇంకా గట్టిగా మోగింది. అది ఆయన చెప్పు బకిల్.

“నాలాంటివాడు మా కౌంటర్‌కి వస్తే నేనైతే ఫారం కూడా ఇవ్వను,” అన్నాడు నుదురు తుడుచుకుంటూ.

ఆమె నవ్వింది. ఏ కౌంటరని మాత్రం అడగలేదు.

ఆ నవ్వుతో ఆయనకు కాస్త చనువు వచ్చింది. ఉంగరం లేదని తెలియకుండా వేలికి చుట్టిన కట్టు చూపించి, భార్యతో స్టాప్లర్ గుచ్చుకుందని చెప్పానన్నాడు. మూడు రోజులుగా ఆ అబద్ధానికి తానే మందు రాస్తున్నాడట. పైగా వేలు నిజంగానే నొప్పి పుడుతున్నట్టుందట.

“నిజం చెబితే తిడతారనా?”

“తిట్టదమ్మా, అదే నా భయం. పోతే పోయిందిలెండి అంటుంది. ఇక దొరకదని తెలిసినప్పుడు నేనూ మా కౌంటర్ దగ్గర అదే మాట అంటాను. ఆ మాట విన్నవాళ్ళు ఎలా తిరిగి వెళ్తారో రోజూ చూస్తూనే ఉంటాను.”

ఆమె లోపలికి వచ్చి రెండో యంత్రాన్ని పెట్టెలో సర్దింది. తర్వాత వెతికే పద్ధతి చెప్పింది. రోజూ ఉదయం గంటసేపు, అరగంట ఇసుకలో, అరగంట నీళ్ళలో. పరుగులు పెట్టకూడదు. అడుగులో అడుగు వేస్తూ, గీత గీసినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. ఒక్కరోజు కూడా మానకూడదు. ఆయన ప్రతి మాటా చీటీ మీద రాసుకుని, కింద గీత కూడా గీసుకున్నాడు. పెట్టె చంకన పెట్టుకుని, ఉంగరం అప్పుడే సగం దొరికినంత ధీమాగా మెట్లు దిగాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక ఆమె ఫోను తీసింది.

“అక్కా, మీరు పేపర్లో పెట్టిన మా కరపత్రం చూసి మీవారు వచ్చారు. నేలకీ నీళ్ళకీ పనికొచ్చేదే ఇచ్చాను. పాపం, మిమ్మల్ని బాధపెడతానని ఆయన పడుతున్న బాధ చూస్తే జాలేసింది. చెప్పేయకూడదూ?”

“మోకాళ్ళకి ఆపరేషన్ తప్పాలంటే ఇసుకలో, నీళ్ళలో రోజూ నడవాలని డాక్టరు ఏడాదిగా మొత్తుకుంటుంటే మా ఆయన ఒక్క అడుగు వేస్తే ఒట్టు,” అంది ఆయన భార్య, ఆదివారం రాత్రి తడి తువ్వాలు దులుపుతుంటే రాలిపడిన ఉంగరాన్ని మళ్ళీ సొరుగులో పెట్టి తాళం వేస్తూ. “ఆర్నెల్లు వెతకనీ. ఆ తర్వాత దొరుకుతుందిలే.”