వంతెన అవతల

“నిన్న చక్కగా నిలబడ్డావుగా, ఇవాళ అమ్మ చంక దిగనంటావేం?”

పండ్ల కొట్టు లియావ్ అడిగింది పది నెలల టొమాస్‌ని. లిచీ పళ్ళు ఏరుకుంటున్న నెయివా చెయ్యి ఆగింది.

“నిన్న మేం రాలేదక్కా. ఈ బజారుకి నేను రావడం ఇదే మొదలు.”

“నువ్వు రాలేదులే చెల్లీ. వాళ్ళ అమ్మమ్మతో వచ్చాడు. రెండు రోజులకోసారి వస్తూనే ఉంటాడుగా. ఈ ఉంగరాల జుట్టు, ఈ తేనె కళ్ళు మా బజారంతటికీ తెలుసు.”

“అమ్మమ్మా? ఎలా ఉంటుంది?”

“యాభై దాటినావిడ. పొట్టి జుట్టు. పూల గొడుగు వేసుకొస్తుంది.”

నెయివా తల్లి బ్రెజిల్‌లో ఉంది. మనవణ్ణి ఇంకా ఫోన్‌లో తప్ప చూడలేదు. లియావ్ చెప్పిన ఆనవాళ్ళన్నీ ఉన్న మనిషి నెయివాకి ఒక్కతే తెలుసు. పిల్లాణ్ణి చూసుకునే ఆయా, ఇక్కడి పిలుపులో హువాంగ్ ఆయి.

చెప్పుల ఫ్యాక్టరీ ఉద్యోగానికని భర్త వల్మీర్‌తో నాలుగేళ్ళ కిందట చైనాలోని డాంగ్వాన్ వచ్చింది నెయివా. టొమాస్ ఇక్కడే పుట్టాడు. పొద్దుటి పూట ఆమె ఆఫీసుకి వెళ్తే పిల్లాడు ఆయి చేతుల్లోనే. అపార్ట్‌మెంట్ కింద తోట దాటించవద్దని మొదటి రోజే చెప్పింది. ఈ బజారు కాలువ వంతెనకి అవతల, నడిస్తే అరగంట.

“అక్కా, ఈసారి వాళ్ళు కనిపిస్తే ఒక ఫోటో తీసి నాకు పంపుతావా?” అని లియావ్ ఫోన్‌లో తన నంబరు ఎక్కించింది.

ఇంటికి రాగానే మామూలుగా అడుగుతున్నట్టు అడిగింది. “నిన్న బాబుని ఎటు తిప్పావు ఆయీ?”

“ఎటు తిప్పుతాను, కింద తోటలోకే. ఎండ చూశావుగా.”

“వంతెన దాటలేదూ?”

“నా మోకాళ్ళకి మెట్లెక్కడమే గొప్ప. వంతెన కూడానా, టొమాస్ వాళ్ళమ్మా?”

ఆయి తడబడలేదు. అదే నెయివాకి మరీ అనుమానంగా తోచింది. ఆమె వంటగదిలోకి వెళ్ళాక పిల్లాడి బండి చక్రాలు తిప్పి చూసింది. ఎర్రమట్టి. వంతెన దారిలోనూ అదే. గేటు ముందు రోడ్డు తవ్వి పెట్టిన మట్టీ ఎర్రదే, కానీ ఆ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

సాయంత్రం సోఫా పట్టించి టొమాస్‌ని నిలబెట్టింది. మోకాళ్ళు ముడుచుకుని చతికిలబడ్డాడు. మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ అంతే. ఆయి దగ్గరైతే నిలబడతాడన్నమాట. కొడుకు మొదటిసారి తన కాళ్ళ మీద నిలబడడం బజారంతా చూసింది, తను తప్ప.

రాత్రి భోజనాల దగ్గర వల్మీర్‌తో చెబితే తేలిగ్గా తీసేశాడు. “వీళ్ళకి మన పిల్లలంతా ఒకేలా కనిపిస్తారు. ఎవర్ని చూసి ఎవరనుకుందో.”

“ఉంగరాల జుట్టు, తేనె కళ్ళు అని మరీ చెప్పింది. కాలువ అవతల బజారులో.”

చిక్కుడు గింజల కూర కలుపుతున్న వల్మీర్ చెయ్యి నిలిచిపోయింది.

“ఆ బజారుకి నువ్వెందుకు వెళ్ళావు?”

“లిచీ బాగుంటాయన్నారు. ఏం?”

“ఏం లేదు. జనం కిక్కిరిసే చోటు. పిల్లాడితో ఇంకెప్పుడూ అటు వెళ్ళకు.” కాసేపటికి మళ్ళీ అతనే అన్నాడు. “నువ్వన్నదే నిజం కావచ్చు. ఆయిని మాన్పించెయ్. చెప్పకుండా అంత దూరం తీసుకెళ్ళే మనిషి రేపు ఇంకేం చేస్తుందో.”

ఇప్పటిదాకా ఆయిని వెనకేసుకొచ్చేది అతనే. అతనే ఆ మాట అనేసరికి నెయివా భయం రెట్టింపయింది.

మర్నాడు ఇక పనికి రావద్దని చెప్పేసింది. హువాంగ్ ఆయి వాదించలేదు. ఆరిన పిల్లాడి బట్టలన్నీ మడతపెట్టి, గంజి పొయ్యి మీద నుంచి దించి, చేతులు తుడుచుకుంది.

“నా మనవడిని కూడా ఇంత శ్రద్ధగా పెంచలేదు నేను. ఎవరో ఏదో అంటే నమ్మావు. నన్నొక్క మాట గట్టిగా అడగలేదు.”

“అడిగానుగా ఆయీ.”

“అడిగావు. విన్నావా?”

టొమాస్ గుమ్మం దాకా పాకుకుంటూ వెళ్ళి తలుపు మీద చేతులతో కొట్టాడు. ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నాడు.

శనివారం. సరుకు ఓడకెక్కించే పని ఉందని వల్మీర్ పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. బయట వాన. పళ్ళు వస్తున్నాయేమో, టొమాస్‌కి ఒళ్ళు వెచ్చబడింది. నెయివా వాణ్ణి ఒళ్ళోంచి దించకుండా కూర్చుంది.

మధ్యాహ్నం లియావ్ నుంచి ఫోటో వచ్చింది. “ఇవాళా వచ్చాడు చెల్లీ, అడిగావుగా,” అని కింద రాసింది.

అరటి గెల పక్కన పసుపు చొక్కా పిల్లాడు. అదే ఉంగరాల జుట్టు, అవే కళ్ళు. నిటారుగా తన రెండు కాళ్ళ మీద నిలబడి నవ్వుతున్నాడు. పూల గొడుగు పట్టుకున్న చైనా ఆవిడ వాడి వెనకాల ఉంది. ఆమె హువాంగ్ ఆయి కాదు.

నెయివా ఫోటో పెద్దది చేసి చూసింది. ఆ పిల్లాడికి పైన నాలుగు పళ్ళు. టొమాస్‌కి కింద రెండే. వేరే పిల్లాడు. అంతే. ఇన్నాళ్ళూ వాణ్ణి చూసి వీడనుకున్నారు.

గుండె మీది బరువు దిగిపోయి, ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. ఎంత మాటన్నాను ఆ పెద్దావిడని అనుకుంటూ ఆయి నంబరు నొక్కింది.

“ఎవరు?” ఆయి గొంతు ముక్తసరిగా ఉంది.

“నేనే ఆయీ, టొమాస్ వాళ్ళమ్మని. తప్పు నాదే. ఆ పిల్లాడు వేరే. నువ్వు రావాలి, సోమవారం నుంచి రావాలి.”

“గంజి తింటున్నాడా వాడు?” అంది ఆయి.

నెయివా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అంతలో ఫోన్ టింగుమంది. లియావ్ ఇంకో ఫోటో పంపింది.

“వాళ్ళ నాన్న కూడా వచ్చాడు.”

పసుపు చొక్కా పిల్లాణ్ణి భుజాన ఎత్తుకున్నది వల్మీర్.