అందరి చుక్కల సీసా

సింకులో కంటి చుక్కల సీసా బోర్లా పడి ఉంది. లోపల ఒక్క చుక్క లేదు.

కుట్టు హాలుకి ఆనుకుని ఉన్న పిల్లల గదిలోకి, కొడుక్కి పాలు పట్టడానికి వచ్చిన తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దీన్ని ఎవరు పారబోశారు?"

"నేనే," అంది కొత్త ఆయా.

ఆమె పనిలో చేరి నాలుగు రోజులైంది. పంతొమ్మిది నెలల బుడ్డోణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో రెప్పల మీది పుసి తుడుస్తోంది. ఒక్కో తుడుపుకి ఒక్కో దూది.

ఆ హాలులో ఎవరేం కుడితే అదే వాళ్ల పేరు. ఈ తల్లి కాలర్ల పిల్ల. చుక్కల సీసా మాత్రం అందరిదీ. కాజాల అక్క తన కళ్లకలక తగ్గాక మిగిలిన మందు తెచ్చి దారపు కండెల అరలో పెట్టింది. అప్పటి నుంచి ఎవరి కన్ను ఎర్రబడినా సీసా ఒక మిషను దగ్గర్నుంచి ఇంకో మిషను దగ్గరికి వెళ్లేది.

"పెద్దమ్మా, పొద్దున నీకేం చెప్పాను? పదకొండింటికి రెండు చుక్కలు వెయ్యమన్నానా లేదా?"

"అన్నావు. మూత తీసి ఎన్నాళ్లయిందని నేనడిగాను. తెలీదన్నావు."

"కాజాల అక్కకి తగ్గిన మందే కదా."

"ఆవిడ కంటికి రాసిన మందు ఆవిడకి. ఆ సీసా మూతి ఎంతమంది రెప్పలకి తగిలిందో."

"తగలకుండా ఎలా వేస్తారు? వీడు కుదురుగా ఉంటేగా."

"కింది రెప్ప కాస్త లాగి, పైనుంచి వదలాలి. ఒక్కసారి తగిలిందా, ఇక అది మందు కాదు, ఎంగిలి."

కాలర్ల పిల్లకి ఒళ్లు మండింది.

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు."

"పోనీ నర్సువా?"

"కాదమ్మా."

"మరి నీ పని నువ్వు చూసుకోవచ్చుగా. రేపటికి వీడి కంటి ఎరుపు తగ్గకపోతే ఈ గదిలోకి రానివ్వరు. వీణ్ణి రానివ్వకపోతే నాకు మిషను ఉండదు. నా బాధ నీకెక్కడ తెలుస్తుంది."

"డాక్టరుకి చూపించు తల్లీ. కొత్త సీసా రాయించుకో. వీడిది వీడికే. చేతులు కడుక్కుని వెయ్యి. తగ్గినట్టున్నా చెప్పినన్ని రోజులూ వెయ్యి. మూత తీసిన నెలకి పారెయ్యి."

"అయిపోయాయా, ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి," అంది ఆయా. "ఆయింట్‌మెంటు కూడా ఇస్తే, ముందు చుక్కలు. కాసేపాగి అది."

కాలర్ల పిల్ల తల పట్టుకుంది.

సంగతి క్షణంలో హాలంతా పాకింది.

"నా సీసాయే దొరికిందా ఆ మహాతల్లికి," అంది కాజాల అక్క.

"పొద్దున రెండు చుక్కలు వేసుకున్నాను. సాయంత్రానికి ఎవర్నడగను?" అని జేబుల అత్త ఎర్రటి కన్ను నలుపుకుంది.

సూపర్‌వైజరు విసుక్కున్నాడు. "నాలుగు రోజుల్లో ఇది మూడో పంచాయితీ. మొన్న గ్లాసులు మరిగించమంది. నిన్న తువ్వాళ్లు వేరు చెయ్యమంది."

"ఆవిడుంటే నేను నా కొడుకుని ఇక్కడ దించను," అంది కాలర్ల పిల్ల.

ఆయాని ఆ సాయంత్రమే పంపేశారు.

ఆమె తన సంచీ సర్దుకుంది. బుడ్డోణ్ణి తల్లి చేతికిస్తూ, "ఇవాళ దిండు గలీబు మార్చమ్మా," అంది.

"ఇక చాలు, వెళ్లు పెద్దమ్మా," అంది తల్లి.

మర్నాడు పొద్దుటికి బుడ్డోడి రెప్పలు అతుక్కుపోయాయి. హాలులో సీసా లేదు కాబట్టి, పని మానుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పలేదు.

"ఏమన్నా మందు వేశావా?" డాక్టరమ్మ టార్చి వేసి చూస్తూ అడిగింది.

"లేదండీ. హాలులో ఒక సీసా ఉండేది. పారబోశారు."

డాక్టరమ్మ టార్చి ఆర్పింది.

"కుట్టు హాలా? ఇందాక మీ హాలు నుంచే ఒకామె వచ్చింది. జేబులు కుడుతుందట."

"అత్తా? ఏమైందండీ?"

"నల్లగుడ్డు మీద పుండు లేచింది. పెద్దాసుపత్రికి పంపాను. అందరూ వాడిన సీసా వారం రోజులుగా వేసుకుంటోందట."

"చూపు?"

"ఇప్పుడే చెప్పలేను. మీవాడిది మామూలు కలక. ఆ చుక్కలు పడలేదు కాబట్టి సరిపోయింది."

తర్వాత మందు ఎలా వెయ్యాలో డాక్టరమ్మ వివరంగా చెప్పింది. కాలర్ల పిల్ల తలొంచుకుని వింది. అందులో కొత్త మాట ఒక్కటీ లేదు.

బయటికి రాగానే సూపర్‌వైజరుకి ఫోను చేసి ఆయా నంబరు తీసుకుంది. ఫోను ఆమె కోడలు ఎత్తింది.

"పెద్దమ్మ ఉన్నారా? కుట్టు హాలు నుంచి."

"సీసా గొడవ మీదేనా?"

"నాదే. ఆవిణ్ణి మళ్లీ రమ్మని అడుగుదామని."

"అత్తయ్య పొద్దున బండికే మా ఆడపడుచు దగ్గరికి వెళ్లిపోయారు. పిల్లల పనికి ఇంకెక్కడికీ వెళ్లనన్నారు. మీరు ఆలస్యం చేశారు."

"ఒక్కమాట చెప్పండి. ఆవిడ ఇంతకుముందు ఆసుపత్రిలో చేశారా?"

"ఆసుపత్రా?" కోడలు నిట్టూర్చింది. "కంటి చుక్కలు తయారుచేసే కంపెనీలో, ఒక్కో సీసా దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని నలకలు వెతికేవారు, ఇరవై రెండేళ్లు వెతికారు, తన చూపు మందగించిందని వాళ్లు మాన్పించేదాకా."